మూడో పూట మేత

పాల్వంచ,
సోమవారం

ముత్తక్కా, నీ లాలి రాస్తున్నాను. కూర్చుని చదువు.

నీ చెవులు పోయినప్పటి నుంచి ఫోను మనకు పనికిరాకుండా పోయింది. మిరప కాయలు కోసి వచ్చి రాత్రి బడిలో రాందాసు సారు దగ్గర దిద్దిన అక్షరాలే ఇప్పుడు దిక్కు. తప్పులుంటే నవ్వుకో. నీ మోకాలు ఎట్లా ఉంది? దుమ్ముగూడెంలో గోదావరి గాలి ఎక్కువ కదా, చెవులకు గుడ్డ కట్టుకుంటున్నావా? పడుకునే ముందు పొయ్యి ఆర్పుతున్నావా? నాకు నిద్ర పట్టనప్పుడల్లా నీ పొయ్యి గుర్తొస్తుంది.

మా కోటేష్ మొన్న హైదరాబాదు వెళ్లి వచ్చాడు. అమ్మా అనడు కదా, తండా మాటలో యాడీ అంటూనే గుమ్మం దాటాడు. చేతిలో అట్టపెట్టె ఉంటే మిఠాయి అనుకుని నేనే మూత తీశాను. లోపల ఒక తొండ ఉంది. జానెడు కూడా లేదు. పక్కల వెంట ముళ్లు, గడ్డం కింద ముళ్లు. నన్ను తేరిపార చూసి, ముందరి చెయ్యి ఒకటి పైకెత్తి మెల్లగా గుండ్రంగా ఊపింది. బస్సు కిటికీలోంచి చుట్టాలు ఊపినట్టు. పెట్టె కింద పడెయ్యకుండా నిలబడ్డాను, అదే గొప్ప.

"ఏందిరా ఇది?"

"పెంచుకునేది యాడీ. గడ్డం తొండ అంటరు. ఇంకా పిల్లనే."

"తొండలను పెంచుకునుడేందిరా? పెరట్ల ఉన్నయి సాలవా?"

"పెరట్లయి నీ చేతిల తినయి. ఇది తింటది, చూడు."

కోడలు సువర్ణ దవాఖానాలో నర్సు. రక్తం చూసి భయపడని మనిషి తొండకు భయపడుతుందా. "అత్తమ్మా, ఇగ మీకు తోడు దొరికింది," అని నవ్వుతూ డ్యూటీకి వెళ్లిపోయింది. వాడికేమో థర్మల్ కరెంటు కేంద్రంలో షిఫ్టులు. పగలంతా క్వార్టర్లో ఉండేది నేనొక్కదాన్నే. ఇక మేత ఎవరు పెట్టాలో నువ్వే ఆలోచించు.

మేత అంటే గడ్డీ గాదం కాదు. కీచురాళ్లు. హైదరాబాదు నుంచి కొరియర్లో వస్తాయి. పురుగుల డబ్బా మీద మన ఇంటి చిరునామా రాసి పంపుతారు ముత్తక్కా. ఆ పురుగులకు మళ్లీ క్యారెట్టు ముక్క పెట్టాలి. వాటి కడుపు నిండితేనే వాటిని తిన్నదానికి బలమట. తొండ రెండు కళ్ల మధ్య ఎంత ఎడం ఉందో అంతకంటే పెద్ద పురుగు పెట్టకూడదట, గొంతుకు అడ్డం పడుతుందట. నేను అద్దాలు పెట్టుకుని పురుగును చూసి, దాని కళ్లను చూసి, మళ్లీ పురుగును చూస్తున్నాను. ఎముకల బలానికి తెల్లపొడి ఒకటి ఉంది, పురుగులను డబ్బాలో వేసి ఆ పొడి పట్టించాలి. పది నిమిషాల్లో ఎన్ని తింటే అన్ని. మిగిలినవి ఏరి తీసెయ్యాలి, లేకపోతే అవే దీన్ని కొరుకుతాయట. గాజు పెట్టెలో వేడి బల్బు ఉంది. ఆ వెచ్చదనం తగిలితేనే తిన్నది అరుగుతుంది. చలి పుడితే నోరే తెరవదట.

చేలల్లో మిడతలు పట్టుకొచ్చి పెట్టొద్దని కోటేష్ పదిసార్లు చెప్పాడు. మిర్చికి కొట్టే మందు వాటి ఒంట్లో ఉంటుంది కదా. మిణుగురు ఒక్కటి తిన్నా చచ్చిపోతుందని కూడా చెప్పాడు. అప్పటి నుంచి పొద్దు గూకకముందే కిటికీలన్నీ మూస్తున్నాను.

ఇట్లా రోజుకు మూడు పూటలు. ముత్తక్కా, మన పిల్లలకు మూడో పూట మనం ఎప్పుడు పెట్టాం?

నీ పొయ్యి గురించే దిగులుపడే
లాలి


పాల్వంచ,
గురువారం

ముత్తక్కా, ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టు. పెట్టాక పొయ్యి ఆర్పు.

నిన్న పొద్దున పై క్వార్టర్ రాఘవమ్మ పెరుగు తోడుకు వచ్చింది. వాళ్లది సత్తుపల్లి దిక్కు. గాజు పెట్టె చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"లాలమ్మగారూ, అది ఉడుము పిల్ల కదండీ?"

"కాదమ్మా, ఏదో తొండ."

"ఏమోనండీ, నాకైతే అట్టాగే ఉంది. మా అన్నయ్య వాళ్ల ఊళ్లో ఒకతన్ని ఇందుకే ఫారెస్టు వాళ్లు జీపెక్కించి తీసుకెళ్లారు. మీ అబ్బాయికి ఉద్యోగం ఉంది, చూసుకోండి మరి."

తోడు తీసుకుని ఆమె వెళ్లిపోయింది. పాలు పొంగి పొయ్యి ఆరింది, నాకు తెలియలేదు.

అది ఉడుము కాదని నాకు తెలుసు. ఉడుము నాలుక పాము నాలుకలా రెండుగా చీలి ఉంటుంది. దీనిది చిన్న ముద్ద నాలుక, పురుగు మీద అంటించి లాక్కుంటుంది. కానీ జీపులో వచ్చేవాళ్లు నాలుక చూస్తారా? అడవి అంచున పుట్టిన మనిషి ఇంట్లో ముళ్ల జీవం కనిపిస్తే చాలదా?

నీకు సగం కథే తెలుసు ముత్తక్కా. మా ఆయన మోతీలాల్ ఉడుము కేసులో మూడు నెలలు జైల్లో ఉన్నాడని తెలుసు. నేను నీ గుడిసెలో కోటేష్‌ను కన్నానని తెలుసు. నువ్వే బొడ్డు కోశావు. నేను కొడుక్కి చెప్పిన అబద్ధమూ తెలుసు. వాడు పుట్టినప్పుడు వాళ్ల బాపు కొత్తగూడెంలో బొగ్గు పనికి పోయాడని చెప్పాను. ఆయన చనిపోయి ఆరేళ్లయింది, ఇప్పటికీ వాడు అదే నమ్ముతున్నాడు.

తెలియనిది ఇది. ఉడుము కావాలని అడిగింది నేను. ఏడో నెల, నడుము విరిగిపోతున్నట్టు ఉండేది. తండాలో ముసలమ్మలు ఉడుము కూర తింటే నడుం గట్టిపడుతుందన్నారు. అడవి జీవం జోలికి పోవద్దని ఆయన రెండు రోజులు వద్దన్నాడు. నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు పొద్దున్నే వెళ్లాడు. కుండ పొయ్యి మీదే ఉండగా జీపు వచ్చింది. అప్పటికే నేను రెండు ముక్కలు తిన్నాను. మూడోది నోట్లో ఉంది. "ఎవరు తిన్నరు?" అని అడిగారు. "నేనే పట్టిన, నేనే తిన్న," అన్నాడు ఆయన. నేను ఎంగిలి చెయ్యి వెనక్కు పెట్టుకుని నిలబడ్డాను. నోట్లోది మింగాలా, ఉమ్మాలా తెలియక అట్లాగే పెట్టుకున్నాను. జీపు కదిలితే ఆయన ఒక చెయ్యి పైకెత్తి మెల్లగా ఊపాడు. నేను ఊపలేదు, నా చేతికి కూర ఉంది.

అప్పటి నుంచి నేను మాంసం తినను. మొక్కు అని నీకూ అదే చెప్పాను.

ఇప్పుడు నా కొడుకు కూడా జీపెక్కితే నేను ఏ చెయ్యి ఎక్కడ దాచుకోను? అందుకే నిర్ణయించుకున్నాను. శనివారం వాడిది పొద్దుటి షిఫ్టు, కోడలికీ డ్యూటీ ఉంది. తొండను తీసుకెళ్లి కిన్నెరసాని దిక్కు అడవిలో వదిలేస్తాను. మూత సరిగా పెట్టలేదు, పారిపోయిందని చెబుతాను. ఒక అబద్ధం ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను, ఇంకొకటి బరువా?

నిన్నటి నుంచి దానికి మేత పెడుతుంటే దాని కళ్లలోకి చూడలేకపోతున్నాను. నా చేతి నీడ పడితే చాలు, మెడ ఎత్తి కూర్చుంటుంది.

లాలి


పాల్వంచ,
ఆదివారం

ముత్తక్కా, అక్షరాలు వంకర పోతే నా మీద జాలిపడు. నన్ను జైలుకు తీసుకుపోలేదు. అది ముందే చెబుతున్నాను, లేకపోతే చదువుతూ నీకు గుండె దడ వస్తుంది.

శనివారం పొద్దున తొండను పాత తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. పది కీచురాళ్లు కూడా తెల్లపొడి పట్టించి డబ్బాలో పెట్టుకున్నాను. కొత్త చోట మొదటి రోజే ఆకలితో ఉంటుందేమోనని. అడవి దగ్గర దిగి కొంచెం లోపలికి నడిచి, ఎండుటాకుల మీద దాన్ని దించాను. డబ్బా మూత తీసి పురుగులు వదిలాను. అవి దాని ముందు నుంచే ఎగిరి వెళ్లిపోయాయి. ఒక్కదాన్నీ చూడలేదు. మంచు పడి ఆకులన్నీ తడిగా ఉన్నాయి. చూస్తుండగానే దాని ఒళ్లు నల్లబడింది, గడ్డం బొగ్గయింది, కళ్లు మూసుకుంది. చేత్తో కదిపితే చెక్క ముక్కలా పక్కకు ఒరిగింది.

చంపేశాననుకున్నాను. నేను వద్దని వదిలించుకోవాలనుకున్నానే గానీ చావాలని అనుకోలేదు. ఏం చేస్తున్నానో తెలియకుండానే దాన్ని తీసి రవికలో పెట్టుకున్నాను. ఎండ పడుతున్న రాయి ఒకటి చూసుకుని కూర్చుని, పైనుంచి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను. ముళ్లు గుచ్చుకుంటున్నాయి. గుచ్చుకోవాలనే నాకు ఉంది.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. బండి చప్పుడైంది. ఖాకీ బట్టలు. ఆ మనిషి పేరు శివ అని తర్వాత తెలిసింది, ఆ అడవికి కాపలా ఉండే ఉద్యోగి.

"ఏమ్మా, ఒక్కదానివి గిక్కడేం జేస్తున్నవ్?"

నేను నోరు తెరిచేలోపల అది రవిక మెడలోంచి తల బయటికి పెట్టింది. ఖాకీ మనిషిని చూసి చెయ్యి ఎత్తి మెల్లగా ఊపింది. బతికే ఉంది ముత్తక్కా. ఆ మనిషి ఒక అడుగు వెనక్కు వేశాడు.

"నేనే పట్టిన సారూ. నేనే తిందామని పట్టిన. నా కొడుక్కు ఏం తెల్వదు."

"ఎవరు నీ కొడుకు?"

"నాకు కొడుకు లేడు."

"ఇప్పుడే ఉన్నడంటివి గదనే అవ్వా."

బండి ఎక్కుదామని నేను లేచాను. ఆయనే పట్టుకుని మళ్లీ రాయి మీద కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చాడు. వంగి దాన్ని చాలాసేపు చూశాడు. "ఇది మన అడవిది కాదు. వేరే దేశపుది. గిసుంటిది ఈడ వదిలిపెడ్తే పొద్దూకే దాకా కూడ బతకదు. ఎవరి ఇంట్లది, చెప్పు. నిన్ను ఏమనను," అన్నాడు. కోటేష్ పేరు చెప్పాను. నా ఫోను తీసుకుని వాడికి కలిపాడు.

వాడు షిఫ్టు మధ్యలోంచి, నెత్తిన పని టోపీతోనే వచ్చాడు. నన్ను చూసి, నా మెడ దగ్గర దాన్ని చూసి, ఫోనులో కాగితాలు తీసి చూపించాడు. సర్కారు దగ్గర అన్నీ రాయించి, అనుమతి తీసుకునే తెచ్చాడట. ఇంట్లో నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

"అన్నీ సక్కగనే ఉన్నయి తమ్ముడూ," అన్నాడు శివ. "తొండ పేరు రాయించినవ్, మంచిదే. అవ్వ పేరు గూడ ఏడనన్న రాయించు, తప్పిపోయేటట్టున్నది."

బండి మీద వాడి వెనక కూర్చున్నాను. కొంత దూరం వచ్చాక వాడు బండి ఆపాడు, కానీ వెనక్కు తిరగలేదు.

"యాడీ, బాపు జైలుకు పోయింది నాకెరుకే."

నేను బండి మీద నుంచి పడిపోయేదాన్నే.

"నాకు నౌకరీ వచ్చిన నాడు బాపే చెప్పిండు. 'అడవిల నాకు ఆకలైంది, పట్టుకున్న, తిన్న. మీ యాడి వద్దని మొత్తుకున్నది, నేనే ఇనలే. నీకు తెలుసని ఆమెకు తెల్వనియ్యకు, సిగ్గుపడ్తది,' అన్నడు."

వద్దని మొత్తుకున్నానట. నేను. ముత్తక్కా, ఆయన జైలులో మూడు నెలలే ఉన్నాడని అనుకున్నాను. కన్నకొడుకు ముందు కూడా నా తప్పు తనమీద వేసుకుని పోయాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను బతికినంత కాలం మర్యాదగా బతకొచ్చు. వాడికి ఎవరూ చెప్పరు. నీకు తప్ప ఎవరికీ తెలియదు.

చెప్పేశాను. రోడ్డు మీదే, బండి మీదే, వాడి వీపుకు చెప్పాను. అడిగింది నేను, అన్నం మానింది నేను, తిన్నది నేను, చెయ్యి దాచుకున్నది నేను. "నువ్వు కడుపుల ఉన్నవ్ కోటేషా. ఆయన వద్దనే అన్నడు."

బొగ్గు లారీలు పోతున్నాయి. నన్ను అక్కడే దింపి పొమ్మంటాడేమో, దింపినా న్యాయమే అనుకున్నాను. చివరికి టోపీ తీసి, తల గోక్కుని అన్నాడు.

"అంటే నేను గూడ తిన్ననన్నట్టే."

నాకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో తెలియలేదు. వాడు బండి స్టార్టు చేశాడు. "పట్టుకో. దానికి రెండో పూట దాటిపోతది," అన్నాడు.

బల్బు కింద పెట్టిన గంటకు దాని రంగు తిరిగి వచ్చింది. నాలుగు పురుగులే తిన్నది. మూడో పూట ఏడు తిన్నది. లెక్క పెట్టుకుంటూ గాజు పెట్టె ముందు కూర్చున్నాను. రాఘవమ్మ వచ్చి "ఇంకా ఉందా అండీ ఇది?" అని అడిగితే, "కాయితాలు ఉన్నయమ్మా," అన్నాను.

ఈరోజు ఆదివారం. సువర్ణ కోడికూర వండింది. నేను ఎప్పట్లాగే పప్పు వడ్డించుకుని మూలకు కూర్చున్నాను. కోటేష్ తన పళ్లెం పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఒక ముక్క తీసుకుని ఎముక వేరు చేసి, నాకు పళ్లు లేవు కదా, వేళ్లతో తుంచాడు. అది చాలక మళ్లీ తుంచాడు. నా మొహం వంక చూసి, చేతిలో ముక్క వంక చూసి, ఇంకా చిన్నది చేశాడు. నా రెండు కళ్ల మధ్య ఎడం కంటే చిన్నది. నా పళ్లెంలో పెట్టి, ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

తిన్నాను ముత్తక్కా.

నీ గుడిసెలో కొడుకును కన్న
లాలి