రాగిమూటల ఆట

బళేపేట, బెంగళూరు,
ఆదివారం.

చిరంజీవి భవ్యకు అమ్మ దీవెనలు. ఇక్కడ నాన్న, నేను కులాసా. నాన్న దగ్గు తగ్గింది. నా మోకాళ్ళు మాత్రం నిన్నటి నుంచి పట్టేశాయి. కారణం చదివితే నవ్వుతావు.

నీ ఉత్తరంలో రెండు అడిగావు. బడిలో పిల్లల చేత ఏం ఆడిస్తున్నావమ్మా అని ఒకటి. చిన్నప్పటి ఆయాసం పెట్టుకుని, ఆఫీసువాళ్ళతో కొండ ఎక్కడానికి పేరు ఇవ్వనా వద్దా అని రెండోది. వరుసలోనే చెబుతాను. ఫోన్లో చెప్పలేకే రాస్తున్నాను.

మన వీధి చివరి బడిలో పీటీ మాస్టారు మానేశాక, హెడ్‌మిస్ట్రెస్ అనితా మేడం శనివారాలు పిల్లల్ని ఆడించమని నన్ను అడిగారు. నాన్న ఊరుకుంటారా! "ఈల కూడా ఊదతావా? అయితే నేను అంగట్లోనే పండుకుంటాలే" అన్నారు.

మొదటి శనివారం మామూలు ముట్టుకునే ఆట ఆడించి, గడియారం పెట్టుకుని చూశాను. ఔటైన పిల్లలు నలభై నిమిషాల్లో ముప్ఫై నిమిషాలు గోడవారన కూర్చున్నారు. పరుగు రానివాళ్ళే కూర్చుంటే వాళ్ళకు ఎప్పుడు వస్తుంది? అందుకని పాత దుప్పటి చింపి, రాగులు పోసి, ముప్ఫై రెండు చిన్న మూటలు కుట్టాను. మూట నెత్తిన పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా మైదానమంతా తిరగాలి. పడితే అక్కడే బొమ్మలా నిలబడాలి. ఇంకొకరు వచ్చి, తమ మూట జారకుండా వంగి, దాన్ని తీసి నెత్తిన పెడితే మళ్ళీ కదలొచ్చు.

"మేడం, నాది పడిపాయ. నేను ఔటా?" అని మూడో తరగతి శివ ఏడుపు మొహం పెట్టాడు.

"ఔట్ అనేదే లేదప్పా. గట్టిగా పిలువు, ఎవరో ఒకరు వస్తారు."

ఆ కేకలు నువ్వు వినాల్సింది! నా ఈల నాకే వినపడలేదు. నిన్న నేనూ మూట పెట్టుకుని తిరిగి, రెండుసార్లు బొమ్మనయ్యాను.

చాందిని అనే పాప మాత్రం శనివారాలు వేసుకునే తెల్ల యూనిఫాం గౌనుతో మెట్టు మీద కూర్చుంది. మోకాలు నొప్పి, ఆడించవద్దని వాళ్ళమ్మ రాసిన చీటీ చేతిలో ఉంది. శివ మూట సరిగ్గా ఆ పిల్ల ముందే పడింది.

"ఏయ్ చాందినీ, ఎత్తి పెట్టే! ఎంతసేపు నిలబడేది?"

చాందిని చీటీ వదిలేసి ఒక్క గంతు వేసింది. ఇక గంట కొట్టేదాకా ఆగలేదు. ఎర్రమట్టంతా ఆ గౌను మీదే.

గేటు దగ్గర వాళ్ళమ్మ చూసింది. "ఇదేంది మేడం! చీటీ ఇచ్చినా కదా? ఈ మట్టి వదిలిచ్చేది నేను కాదా?"

నొప్పి మోకాలిది కాదని ఆమే బయటపెట్టింది. నాకు నవ్వు రాలేదు. "వచ్చే వారం రంగు గౌను వేసి పంపమ్మా, అనితా మేడంకు నేను చెప్తాను" అన్నాను.

నవ్వు ఎందుకు రాలేదో చెబితే, నీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పినట్టే. నీకు ఆయాసం ఎప్పుడూ లేదు భవ్యా. ఏ డాక్టరూ ఉందని అనలేదు. అప్పట్లో మనకు కొళాయి రెండు రోజులకోసారి వచ్చేది. మట్టి కొట్టుకొచ్చిన నీ తెల్ల గౌను, తెల్ల బూట్లు ఉతకలేక, రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ప్రతి శనివారం "పాపకు ఆయాసం" అని నేనే చీటీ రాసిచ్చాను. తేదీ వేసి, పొందికైన అక్షరాలతో. బడివాళ్ళు నమ్మారు. నువ్వూ నమ్ముతావని నాకు తోచలేదు. పెద్దయ్యాక కూడా మెట్ల మధ్యలో నువ్వు ఆగి గుండె మీద చెయ్యి పెట్టుకున్నప్పుడల్లా చెప్పేద్దామనుకుని, నోరు రాక ఊరుకున్నాను.

కోపం వస్తే ఫోన్ చేసి తిట్టు, వింటాను. పేర్లు ఇవ్వడానికి ఇరవయ్యో తేదీ ఆఖరన్నావు. ముందు పేరు ఇచ్చి, తర్వాత తిట్టు.

ఇట్లు,
నీకు లేని జబ్బు రాసిపెట్టిన
మీ అమ్మ.