మాకు చలి అలవాటే అన్నావట

వానొచ్చేలా ఉంది. షెడ్డు కారుతోంది కదా, మిగిలిన పెల్లెట్ బస్తాలు కూడా మన గదిలోకే తెచ్చెయ్. తడిస్తే ఈ కట్టె గుళికలు ఉప్మాలా ఉబ్బిపోతాయి, చలికాలమంతా గెస్టుల గదుల్లో స్టవ్‌లు వెలగవు. మంచం మీద ఎలాగూ అవే పడుకున్నాయి, మనం కింద పడుకుంటున్నాం. ఇంకొన్ని వస్తే వాటికి దుప్పటి కూడా కప్పుదాం.

నేను డ్రైవర్‌తో కొండ దిగి నిజ్వా ఊళ్లో ఆస్పత్రికి వెళ్తున్నా, దగ్గు చూపించుకోవడానికి. సాయంత్రానికి వస్తా.

పొద్దున చాయ్ ఇస్తూ ఓనర్‌ని అడిగేశాను. అడగొద్దని నువ్వు వారం నుంచీ చెబుతూనే ఉన్నావు, తెలుసు. "అర్బాబ్, మా రూమ్‌కు గూడ ఒక స్టవ్ ఇప్పియ్యుండ్రి" అన్నాను. ఆయన వింతగా చూశాడు. పోయిన చలికాలమే ఇస్తానన్నాడట. "మాకు చలి అలవాటే, మా రజితకైతే అసలే చలి పెట్టది" అని నువ్వే వద్దన్నావట. అప్పుడే నాకు దగ్గు తెర వచ్చింది. నీ పరువు పోకూడదని దగ్గుతూనే అవునన్నాను. ఆయన నవ్వి పాత స్టవ్ ఇప్పించాడు.

వంటగదిలో ఉంది. మన గదికి తెచ్చుకుని, బస్తాలు దూరంగా జరిపి, పొగ గొట్టం కిటికీ బయటికి పెట్టాకే వెలిగించు.

- రజిత

గెస్టుల కోసం తెచ్చినవని నువ్వు ఒక్క బస్తా కూడా విప్పవు. అందుకే ఒకటి నేనే కోసి పెట్టి పోతున్నా.