కాచి తాగిన కొల్లేటి నీళ్లు

ఏలూరు,
ఆదివారం.

బాబాయిగారికి,

మీ మనవరాలు దుర్గాసాయి ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. మీరు రాసిన అడవి పుస్తకాలు చదివి, ఒంటరిగా బతికి చూపిస్తానని కొల్లేట్లోకి వెళ్లింది. పుస్తకంలో రాసినట్టే నీళ్లు కాచి తాగింది.

"చేపల చెరువుల మందు కలిసిన నీళ్లండీ, కాస్తే పోద్దా? మేమే టిన్ను నీళ్లు తెచ్చుకుంటాం," అన్నాడు, పడిపోయిన దాన్ని దోనెలో ఒడ్డుకు చేర్చిన అక్కడి జాలరి సూర్రావు.

ఆ పుస్తకాలు నేనూ చదివి మెచ్చుకున్నదాన్నే. మీ మీద కోపం న్యాయమో కాదో తెలియదు. తగ్గడం మాత్రం లేదు.

ఆసుపత్రి మంచం మీంచి ఇంకో పుస్తకం అడుగుతోంది. ఈసారి పాపికొండలట. నేను వద్దంటే పిరికిదాన్నంటుంది. మీరే రండి. మీరెప్పుడూ దోమతెర లేకుండా ఒక్క రాత్రయినా పడుకోలేదని మీ నోటితో దానికి చెప్పండి.

మీ అన్నగారి అమ్మాయి