మా సుబేదారు గారిని సివిలియన్ చేసే పని

జూలై 7, సోమవారం

నిర్ణయం ఈ రోజు నుంచి అమల్లోకి వచ్చింది. నెల రోజుల్లో మా ఆయన్ని మామూలు మనిషిని చేస్తాను!

మా ఆయన తేజేశ్వర్ గారు సైన్యంలో సుబేదారు. తుపాకి కన్నా తాళాల గుత్తి ఎక్కువ పట్టుకున్నారు. దుప్పట్లు, బూట్లు, గుడారాలు దాచి, అడిగినవాళ్ళకి ఇచ్చే స్టోర్స్‌లో పని. ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంట్. ఈలోగా బయట ఏదైనా పని నేర్చుకోమని ఇంటర్న్‌షిప్‌కి వదిలారు. వన్‌టౌన్‌లో మా బాబాయి పాండురంగయ్య గారి చీరల కొట్లో రేపు చేరుతున్నారు. నలభై తొమ్మిదేళ్ళ ఇంటర్న్!

నెలాఖరుకి బాబాయికి నచ్చితే కొట్లోనే ఉద్యోగం. నచ్చకపోతే నాసిక్‌లో ఈయన స్నేహితుడు సెక్యూరిటీ కంపెనీ పెట్టాడు, రమ్మంటున్నాడు. అంటే మళ్ళీ ట్రంకు పెట్టె, మళ్ళీ రైలు. మా పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. ఈయన సెలవులన్నీ కూడితే కాపురం చేసింది నాలుగేళ్ళు. కూడి చూశాను కాబట్టే రాస్తున్నాను. నాసిక్ కుదరదు.

నియమాలు: ఇంట్లో విజిల్ ఊదకూడదు. రోల్‌కాల్ లేదు. టీ కూర్చుని తాగాలి. నేను ఆయనకి ఆర్డర్ వేయకూడదు, ఆయన వేస్తే నేను వినకూడదు. ఈ చివరిదే ముఖ్యం.

సాయంత్రం ఆయనకి చదివి వినిపించాను. నిటారుగా నిలబడి విన్నారు.

"అర్థమైంది. ఎవరికి రిపోర్ట్ చెయ్యాలి?"

మొదటి రోజు కదా. మెల్లగా వస్తుంది.

జూలై 8, మంగళవారం

కొట్టు తెరిచేది పదింటికి. ఈయన ఎనిమిదింటికే షట్టరు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారట. పక్క కొట్టాయన జీఎస్టీ వాళ్ళనుకుని, తెరిచిన తన షట్టరు సగం దించేశాడట!

బాబాయి ఫోన్లో పడీపడీ నవ్వారు. "మంచోడే అమ్మాయ్. కాస్త వదులవ్వాలంతే."

అవుతారు. చాలా ఉత్సాహంగా ఉంది.

జూలై 13, ఆదివారం

ఈ రోజు పాఠం: ఖాళీగా కూర్చోవడం. బాల్కనీలో కుర్చీ వేశాను, పేపరు కూడా ఇవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి పోపు పెట్టి వచ్చేసరికి లేచి నిలబడి ఉన్నారు.

"ఖాళీ పూర్తయింది. తర్వాత ఏంటి?"

"ఖాళీ అంటే పూర్తయ్యేది కాదండీ."

"పూర్తవకపోతే చేసినట్టు ఎలా తెలుస్తుంది?"

కుర్చీ తీసి లోపల పెట్టేశాను. పాఠం వాయిదా.

జూలై 16, బుధవారం

నేను పాలకి వెళ్ళొచ్చేలోగా వంటింటి అలమర సర్దేశారు. ప్రతి డబ్బా మీద కొన్న తేదీ. పాత కందిపప్పు ముందు, కొత్తది వెనక. గరిటెలు పొడుగు వరసలో. అరవాలనే నోరు తెరిచాను. తెరిచి అలాగే ఉండిపోయాను. ఎంత బాగుందో! పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇలా పెడదామని అత్తయ్యకి చెబుతూనే ఉన్నాను, వినలేదు.

ఇది మిలటరీ కిందికి రాదు. శుభ్రత కిందికి వస్తుంది. నియమం పోలేదు.

జూలై 18, శుక్రవారం

విజిల్ మళ్ళీ వచ్చింది. కానీ ఊదింది ఆయన కాదు, అత్తయ్య! మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేక, టీ కోసం పిలిచి పిలిచి గొంతు పోతోందని కొడుకు దగ్గర అడిగి తీసుకున్నారు.

"ఒకటి ఊదితే టీ, రెండు ఊదితే మంచినీళ్ళు. గుర్తుందా రాజేశ్వరీ?" అన్నారు అత్తయ్య. ఆ ముఖంలో అంత వెలుగు నేను ఈ మధ్య చూడలేదు.

ఇది వైద్య అవసరం. విజిల్ మీద నియమం ఆయనకే గానీ ఆవిడకి కాదు.

జూలై 21, సోమవారం

హనుమాన్ జంక్షన్ నుంచి పెళ్ళివారు వచ్చారట. పదహారు మంది ఆడవాళ్ళు. బాబాయి భోజనానికి వెళ్ళొచ్చేలోగా ఈయన వాళ్ళకి చీరలు ఇచ్చి పంపేశారు. పెళ్ళి చీరలు! భోజనం చేసొచ్చేలోగా!

ఇంటికొచ్చి గర్వంగా చెప్పారు. ఒక చీర చూపించడం, మడత పెట్టి స్థానంలో పెట్టడం, ఆ తర్వాతే ఇంకోటి తీయడం. స్టోర్స్‌లో అదే పద్ధతి, ఇచ్చింది తిరిగి రాకుండా రెండోది బయటికి రాదు.

"కౌంటర్ మీద ఒక్క చీర కూడా మిగల్లేదు రాజీ. క్లీన్."

కొంప మునిగిందనుకున్నాను. నేను పుట్టిందే చీరలమ్మే ఇంట్లో.

జూలై 22, మంగళవారం

అనుకున్నట్టే అయింది. పెళ్ళివారు అన్ని చీరలూ పట్టుకుని తిరిగొచ్చారు. చీరలు బాగానే ఉన్నాయట. రంగు బాగుంది, అంచు బాగుంది. పెళ్ళికూతురి నాయనమ్మ మాణిక్యమ్మ గారు బాబాయితో అన్న మాట ఇది:

"కుప్ప పడలేదయ్యా. కుప్ప పడితే కదా అందులోంచి ఏరుకునేది! ఈ బాబు ఒకటి చూపిస్తాడు, మడతెట్టేస్తాడు. రేషన్ తెచ్చుకున్నట్టుంది. పెళ్ళికి చీరలు కొన్నావా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పను నేను?"

డబ్బు వెనక్కిచ్చి పంపారు బాబాయి. రాత్రి ఫోన్. ఈసారి నవ్వలేదు.

"అమ్మాయ్, శ్రావణమాసం దగ్గర పడింది. నాలుగు పెళ్ళిళ్ళు ఇలా పోతే నేను కొట్టు మూసుకోవాలి. వాళ్ళని బతిమాలి ఆగస్టు ఐదున రమ్మన్నా. ఆ రోజు చూస్తా. కుదరకపోతే... ఏమనుకోకే తల్లీ."

ఈయన ట్రంకు పెట్టె దించి దుమ్ము తుడుస్తున్నారు. ఎందుకండీ అంటే, "ఊరికే. సిద్ధంగా ఉండటం మంచిది కదా," అన్నారు. నా వైపు చూడలేదు.

జూలై 24, గురువారం

ఇంట్లోనే చీరల ప్రాక్టీసు మొదలుపెట్టాను. నా చీరలన్నీ అలమరలోంచి తీశాను. సోఫా కొట్టు, హాల్లోనే మంచం మీదున్న అత్తయ్య కస్టమరు.

"ఆ నీలంది చూపించు బాబూ," అన్నారు అత్తయ్య. చూపించారు. "ఆ పక్కది?" నీలంది మడత పెట్టడం మొదలెట్టారు.

"మడత పెట్టకండి, అలా వదిలేయండి," అన్నాను ప్రేమగా. చేతులు ఆగలేదు పాపం, మడత పెట్టేశారు. బతిమాలాను. మడత. చివరికి నాకు ఓపిక పోయి గట్టిగా అరిచేశాను:

"తేజేశ్వర్! అన్నీ విప్పండి!"

రెండు నిమిషాల్లో హాలంతా చీరలే! ఫ్యాను మీద ఒకటి, అత్తయ్య మీద రెండు. మడమలు చేర్చి నిలబడి, "విప్పాను!" అన్నారు.

ఆర్డర్ వేశాను, నిజమే. ఒక్కసారికే. మందు వేసినట్టు.

జూలై 28, సోమవారం

మందు పని చేస్తోంది. "నవ్వండి!" అంటే నవ్వుతున్నారు. "ఇంకా కొత్త రకాలున్నాయమ్మా, అనండి!" అంటే అంటున్నారు. "కస్టమరు లేచి వెళ్ళిపోతోంది, బాధపడండి!" అంటే బాధ కూడా పడుతున్నారు. ఎదురింటి దీవెన పెరుగు తోడుకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇన్‌స్పెక్షన్ అయ్యాక వస్తాలెండి ఆంటీ!"

ఏం ఇన్‌స్పెక్షన్? ప్రాక్టీసుకి ముందు గోళ్ళూ, బూట్లూ చూస్తున్నానంతే.

ఆగస్టు 2, శనివారం

ఒంట్లో బాగోలేక రాయలేకపోయానని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. టైము దొరకలేదు. పొద్దున్నే ఐదున్నరకి రోల్‌కాల్ ఉంటోంది. అందరూ హాజరు. అత్తయ్య మంచం మీద నుంచే.

రోల్‌కాల్ తీసుకుంటున్నది నేను.

ఆగస్టు 5, మంగళవారం

రెండో నియమం, నాలుగో నియమం, ఉన్నవీ లేనివీ అన్నీ పోయాయి. జరిగింది రాస్తాను.

కొట్టుకి నేనూ వెళ్ళాను. మాణిక్యమ్మ గారూ, పదిహేను మందీ వచ్చారు. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఈయన బిగుసుకుపోయారు. చేతిలో ఒక చీర. మడత పెట్టబోతున్నారు. బాబాయి కళ్ళు మూసుకున్నారు. నాకు ఆ ట్రంకు పెట్టె కళ్ళ ముందు తిరిగింది.

"అందరూ కూర్చోండి!" అన్నాను.

పదహారు మందీ టపీమని కూర్చున్నారు. బాబాయి కూడా!

"తేజేశ్వర్! పై వరస నుంచి కింది వరస దాకా! విప్పండి!"

వర్షం కురిసినట్టు పడ్డాయి చీరలు. మంగళగిరివీ, ఉప్పాడవీ, పట్టువీ అన్నీ కలిసిపోయి నడుము ఎత్తు కుప్ప. మాణిక్యమ్మ గారు రెండు చేతులూ మోచేతుల దాకా అందులో పెట్టి, "అబ్బ! ఇదీ కొట్టంటే!" అన్నారు. మధ్యాహ్నం దాటింది. కుప్ప అడుగు నుంచి లాగి లాగి, మొదటి రోజు కొని వెనక్కిచ్చిన చీరలే దాదాపు అన్నీ మళ్ళీ కొన్నారు! ఎంత సంతోషంగానో!

అప్పుడు నేను ఆగాల్సింది. కానీ ఆ కుప్పని అలా వదిలేయడం నా వల్ల కాలేదు. షట్టరు దగ్గర అడ్డంగా నిలబడ్డాను.

"మడత పెట్టకుండా ఎవరూ కదలడానికి లేదు! ఇద్దరికో చీర! అంచుకి అంచు!"

పెట్టారండీ. పెళ్ళివాళ్ళు! వరసగా నిలబడి! పెళ్ళికూతురు కూడా. వెళ్తూ వెళ్తూ మాణిక్యమ్మ గారు బాబాయి చెవిలో, "ఈవిడ మిలటరీలో ఎన్నేళ్ళు చేసిందయ్యా?" అని అడిగారట.

సాయంత్రం బాబాయి మా ఇద్దర్నీ కూర్చోబెట్టారు.

"అల్లుడూ, నువ్వు కౌంటర్ జోలికి రాకు. గోడౌన్ నీది. అక్కడ ఏ సరుకుందో ముప్పై ఏళ్ళుగా నాకే తెలీదు. ఉద్యోగం ఖాయం."

ఈయన లేచి నిలబడ్డారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు. నాసిక్ లేదు!

"ఇక నువ్వు," అన్నారు బాబాయి నాతో. "కౌంటర్ నీకిస్తా. బేరం తెలిసినదానివి. కానీ నెల రోజులు చూశాకే. జనాన్ని భయపెట్టకుండా అమ్మడం నేర్చుకోవాలి. ముందు ఇంటర్న్‌గా చేరు."

నేను! ఇంటర్న్!

ఆగస్టు 6, బుధవారం

ఈ రోజు నుంచి నిర్ణయం మళ్ళీ అమల్లోకి వచ్చింది. నెల రోజుల్లో నన్ను నేను మామూలు మనిషిని చేసుకుంటాను. శిక్షణ ఇచ్చేది మా ఆయన. అనుభవం ఉన్న మనిషి కదా.

"మొదటి వారం కాళ్ళూ చేతులూ ఆడవు రాజీ. తర్వాత అలవాటైపోతుంది. నేనిక్కడే ఉంటాగా," అన్నారు.

ఆ చివరి మాట ఆయన మామూలుగానే అన్నారు. నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఉండి వచ్చాను.

మొదటి పాఠం: రేపటి పనుల గురించి ఈ రాత్రి ఏమీ అడగకూడదు. అలారం ఆయనే పెడతానన్నారు. ఏ టైముకి పెట్టారో చెప్పలేదు. నేనూ అడగలేదు.

అడక్కుండా ఇప్పటికి పావుగంట.