భోజనం సాగినంతసేపు

మార్చి 3, సోమవారం

అక్క చెయ్యి విరిగిందని వంటకి నన్ను పిలిపించారు. బాత్రూమ్‌లో జారిందని బావ ఫోన్లో చెప్పాడు. వచ్చి చూస్తే మెడ కూడా కమిలి ఉంది. బాత్రూమ్‌లో జారితే మెడ మీద వేళ్ళ గుర్తులు పడవు.

ఊరి చివర బావ నడిపే గెస్ట్‌హౌస్. ఆరు గదులు, అందరికీ ఒకటే పొడుగాటి బల్ల. బావ రూల్ ఏమిటంటే, ఒంటిగంటకి అతిథులంతా కలిసే తినాలి, ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఆయనా లేవడు. కూర్చుని జోకులు వేస్తుంటాడు. అందరూ పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వాను.

మార్చి 5

కూరలో ఉప్పెక్కువైంది. వేసింది నేను. బల్ల దగ్గర బావ లొట్టలేసుకుంటూ తిన్నాడు. అతిథులు అటు వెళ్ళగానే వంటింట్లోకి వచ్చి, అక్క జుట్టు పట్టుకుని ఫ్రిజ్ తలుపుకేసి కొట్టాడు. రెండుసార్లు. నా చేతిలో గరిటె ఉంది. అలాగే కొయ్యబారిపోయాను. ఆయన వెళ్ళాక అక్క పెదవి తుడుచుకుని, మూడో గదిలో కాఫీ ఇచ్చి రమ్మంది. ఇచ్చి వచ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మార్చి 6

ఇవాళ కట్టున్న చేతినే మెలిపెట్టాడు. ఇకనుంచి వాడు అనే రాస్తాను.

మార్చి 8

కనిపెట్టాను. బల్ల దగ్గర ఒక్క అతిథి ఉన్నా వాడి చెయ్యి లేవదు. పరువు! మూడున్నరకి ఎలాగూ వాడు కొత్తవాళ్ళని తీసుకురావడానికి రైల్వే స్టేషన్‌కి వెళ్ళాలి, వచ్చాక రాత్రిదాకా వాళ్ళ చుట్టూనే ఉంటాడు. అందుకని భోజనం సాగదీశాను. సూప్ ఇచ్చి అరగంట ఆగాను. కూరలు ఒక్కొక్కటే తెచ్చాను. పెరుగు ఇంకా తోడుకోలేదని అబద్ధమాడాను. మూడుంపావుకి లేచారు. అంతసేపూ అక్క స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తాకి ఆనుకుని నిద్రపోయింది.

ఇంత తీరిగ్గా ఎప్పుడూ తినలేదని విజిటర్స్ బుక్‌లో రాశారు. పిచ్చి మనుషులు.

మార్చి 11

మూడు రోజులు ఒక్క దెబ్బ లేదు. ఇవాళ వానకి రైళ్ళు రద్దయ్యాయి. వాడు ఎక్కడికీ వెళ్ళలేదు. అందరూ లేవగానే అక్కని స్టోర్‌రూమ్‌లోకి తోసి లోపల గడియ పెట్టాడు. మూడు రోజులవీ కలిపి కొట్టాడు, బెల్టుతో. నేను బయట తలుపు బాదుతూనే ఉన్నాను. వాన హోరులో గదుల్లోకి ఏమీ వినబడలేదు. ఆపానని మురిసిపోయాను. వాయిదా వేశానంతే.

మార్చి 12, ఉదయం 10

ఇవాళా రైళ్ళు లేవు, కొత్తవాళ్ళు రారు. అతిథుల్లో మిగిలింది ఒక్క రిటైర్డ్ టీచరమ్మే. తినేసి కారులో వెళ్ళిపోతుంది. ఆ తరవాత ఇంట్లో మేం ముగ్గురమే. ఆవిడకి అంతా చెప్పేశాను. నెమ్మదిగా తినండి, మీ కాళ్ళు పట్టుకుంటానన్నాను. ఎంతసేపని అడిగింది. తెలీదన్నాను.

సాయంత్రం 5

టీచరమ్మ మెతుకు మెతుకే తింది. మూడైంది. మూడున్నరైంది. వాడి జోకులు అయిపోయాయి. ఆవిడ మళ్ళీ అన్నం అడిగింది. అక్క వడ్డించబోతుంటే వాడు కంచం లాక్కుని గోడకేసి కొట్టాడు. ఆవిడ ఎదుటే అక్క గొంతు పట్టుకున్నాడు. అక్క కళ్ళు తేలేసింది. నేను వంటింట్లోంచి పెనం తెచ్చి వాడి మోచెయ్యి మీద కొట్టాను. వదల్లేదు. మళ్ళీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. హాయిగా ఉంది. ఇంకోసారి కూడా కొట్టాను. అప్పటికే వదిలేశాడు, అయినా కొట్టాను.

టీచరమ్మ ఎంగిలి చేత్తోనే పోలీసులకి ఫోన్ చేసింది. వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రేపు మమ్మల్ని రమ్మన్నారు. నా గతేమిటో అక్క చెప్పేదాని మీద ఉంది. అక్క ఇన్నేళ్ళూ జారిపడ్డాననే చెప్పింది.

మార్చి 13, పోలీస్‌స్టేషన్ బెంచీ

అక్క తొమ్మిదింటికి లోపలికి వెళ్ళింది. తలుపు తీసే ఉంచారు, గొంతు వినబడుతోంది. పన్నెండైంది. ఇంకా పెళ్ళయిన మొదటి ఏడాదే చెబుతోంది.