వాకిట్లో పడవ, చట్టంలో కోళ్ళు

వెండెల్,

నేను బూట్లు తొడుక్కుంటుంటే లాయరమ్మ గార్సా ఫోన్ చేశారు. మన అప్పులు తీర్చే ప్రణాళికకు జడ్జి ఒప్పుకున్నారట. ఇల్లు మనకే ఉంటుంది. నిన్ను లేపుదామనుకున్నాను గానీ, రాత్రి డ్యూటీ చేసొచ్చి నోరు తెరుచుకుని నిద్రపోతుంటే జాలేసింది.

ఫ్రిజ్‌లో బీన్స్ కూర ఉంది, వేడి చేసుకో. అప్పు చేసి కొన్న పడవను తీసుకెళ్ళడానికి మధ్యాహ్నం బ్యాంకువాళ్ళు వస్తారు. తాళాలివ్వు, ఉపన్యాసం ఇవ్వకు. కొత్త క్రెడిట్ కార్డు ఇస్తామని ఉత్తరం వస్తే చించెయ్. ఈ ప్రణాళిక నడిచే ఐదేళ్ళూ కోర్టునడగకుండా అప్పు చేయకూడదు. నెలనెలా కట్టాల్సింది ఎగ్గొడితే కేసు కొట్టేసి కోర్టు రక్షణ తీసేస్తారు, ఇంటి మీదున్న అప్పుకు ఇల్లు మళ్ళీ వేలానికొస్తుంది.

పడవను వాకిట్లోకి లాక్కొచ్చి, "టెక్సాస్‌లో సొంతింటి నేల మీదున్నదాన్ని ఎవడూ ముట్టుకోలేడు లూరీన్" అని ఎంత గొప్పగా చెప్పావు! ఆ మాట చెబితే లాయరమ్మకు నవ్వు ఆగలేదు. "చట్టం కాపాడేది ఇంటిని, ఇంటి ముందు చక్రాల మీద నిలబెట్టినదాన్ని కాదమ్మా. మీ ఆయన కావాలంటే రెండు గుర్రాలు ఉంచుకోవచ్చు, నూట ఇరవై కోళ్ళు పెంచుకోవచ్చు. అప్పులవాళ్ళు ముట్టుకోకూడదని చట్టం రాసిన జాబితాలో అవున్నాయి, పడవ మాత్రం లేదు" అన్నారు.

— లూరీన్ టాల్బర్ట్
(అప్పులతో సహా వచ్చిన ఇంటిపేరే అయినా, రాసుకున్నప్పుడల్లా ముచ్చటేస్తోంది.)

మరిచాను. రేపు పొద్దున్నే దాణా కొట్టుకెళ్దాం. నా జీతం డబ్బుతో ఆరు కోడిపిల్లల్ని కొంటాను. పడవ ఖాళీ చేసిన చోట గూడు నువ్వే కట్టాలి.