మన్సూరాబాద్ కుంట కట్ట మీది కానుగ చెట్టు

ప్రత్యామ్నాయ హరితవనాల అధికారి గారి సముఖమునకు, మన్సూరాబాద్ వాస్తవ్యుడు, నీళ్ల ట్యాంకరు డ్రైవరు మట్టయ్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: లింకు రోడ్డు నిమిత్తము మన్సూరాబాద్ కుంట కట్ట నుండి పెకలించి, చౌటుప్పల్ దాటిన తరువాత గల తమ హరితవనమునకు తరలించిన ఒక కానుగ చెట్టు ఆచూకీ తెలుపుట మరియు దానిని చూచుటకు నా భార్య తిరుపతమ్మకు అనుమతి ఇప్పించుట గురించి.

1. నేను దేవరకొండ దగ్గరి పల్లె నుండి బతుకుదెరువుకు వచ్చి మన్సూరాబాద్‌లో కిరాయికి ఉంటున్నాను. వచ్చిన మరుసటి యేడు మా కూతురు రమ్య జ్వరముతో దవాఖానలో చనిపోయినది. అప్పటికి దానికి పళ్లు రాలేదు. పళ్లు రాని బిడ్డను మాలో కాల్చరు, మట్టికే ఇస్తారు. ఊరికి తీసుకుపోవుటకు ఏ బండివాడూ ఒప్పుకోలేదు. ఇక్కడి శ్మశానంలో ఇది మా ఊరివాళ్లది, మీరెవరు అన్నారు. కావున కుంట కట్ట మీద, జనం తొక్కని చోట పూడ్చిపెట్టినాము. కుక్కలు తవ్వకుండా ముళ్లకంప కప్పి ఒక కానుగ మొక్క నాటినాము. పసిబిడ్డకు సమాధి కట్టరు, దినాలు చేయరు. ఆ మొక్క తప్ప మాకు వేరే గుర్తు లేదు.

2. సదరు మొక్క చెట్టయినది. ఎండాకాలం ట్యాంకరు అడుగున మిగిలిన నీళ్లు దానికే పోసేవాడిని. తిరుపతమ్మ కూరగాయలు తెచ్చుకొని వచ్చేటప్పుడు సంచి పక్కన పెట్టి దాని కింద కాసేపు కూర్చునేది. ఏడ్చేది కాదు, ఊరికే కూర్చునేది.

3. పోయిన యేడు రోడ్డు కొలతలకు వచ్చిన సిబ్బంది, నరికివేయు చెట్లకు ఎర్ర రంగు, తరలించు చెట్లకు పసుపు రంగు వేసినారు. మా చెట్టుకు ఎర్ర రంగు పడినది. నేను ఇంజనీరు సారును బతిమాలుకున్నాను. "సార్, గీ ఒక్కదాన్ని కొట్టెయ్యకుండ్రి. జర పక్కకు జరుపుండ్రి" అన్నాను. ఎందుకని అడిగితే బిడ్డ మాట ఎత్తలేదు. పెంచుకున్న చెట్టు అని మాత్రం చెప్పినాను. ఆయన మంచివాడు, ఎరుపు మీద పసుపు వేయించినాడు. పక్కకు జరుపుడంటే రోడ్డుకు అవతలి వైపు అనుకున్నాను. జిల్లా దాటిస్తారని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

4. తరువాత మిషను తెచ్చి చుట్టూ తవ్వినారు. కొమ్మలన్నీ కోసి, వేర్లను మట్టితో సహా గోనెపట్టాలో కట్టి ట్రెయిలరు మీదికి ఎత్తినారు. ఆ మట్టిముద్ద మనిషెత్తు ఉన్నది. బిడ్డను పెట్టిన లోతు అంత లేదు. అదే రోజు గుంతలో కంకర పోసినారు, ఇప్పుడు దాని మీద రోడ్డు ఉన్నది. నా భార్య అడుగుతున్నది: "పిల్ల ఆడికి పోయిందా, ఈడనే ఉన్నదా? ఏదో ఒకటి చెప్పు." నేను ఏమి చెప్పవలెనో తమరే సెలవియ్యండి. ఆమె ఆ రోడ్డు మీద అడుగు పెట్టదు, కాలనీ వెనక నుండి చుట్టు తిరిగి పోతుంది. నేను మాత్రం రోజూ నీళ్ల ట్యాంకరు దాని మీదనే నడుపుతున్నాను. వేరే దారి లేదు.

5. ఈ విషయమై ఎల్.బి.నగర్‌లోని తమ కార్యాలయమునకు ఇద్దరమూ వచ్చినాము. అక్కడి సారు, "ఒక్క చెట్టుకు బదులు పది మొక్కలు పెడుతున్నం గదమ్మా, ఇంకేంది నీ పరేషాన్?" అన్నారు. ఆయన తప్పుగా అనలేదు, రూలు చెప్పినారు. కానీ బిడ్డ పోయిన వారానికి మా పక్కింటి అండాలమ్మ కూడా, "ఏడ్వకు బిడ్డా, యేడు తిరిగేసరికి మల్ల నీ ఒడి నిండుతది" అని చెప్పినది. మాకు మళ్లీ పిల్లలు కాలేదు. కార్యాలయంలో ఆ మాట విన్నప్పటి నుండి నా భార్య సరిగా తినుట లేదు. తరలించిన చెట్లు చిగురు వేస్తాయని ఎవరో చెప్పగా ఆ ఒక్క మాట పట్టుకొని ఉన్నది.

6. నేను ఒక్కడినే బస్సులో హరితవనమునకు వెళ్లినాను. అనుమతి కాగితం లేనందున గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు.

కావున ప్రార్థించునది ఏమనగా:

అ) సదరు కానుగ ఏ వరుసలో ఉన్నదో తెలుపవలెను.

ఆ) నా భార్యను ఒక్కసారి లోపలికి పంపవలెను. పూజలు చేయదు, దీపం పెట్టదు, ఏమీ తెంపదు. కాసేపు కూర్చొని వస్తుంది.

ఇ) చెట్టు బతకనిచో ఆ మాటే చెప్పవలెను. ఇది నా భార్య పట్టుబట్టి రాయించినది. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్లు: "ఎండిపోతే ఎండిపోయిందని చెప్పమను. ఇంకో చెట్టు చూపెట్టి ఇదే అనొద్దను."

పెద్ద మనసుతో చిత్తగించి, మాకు ఒక తేదీ చెప్పవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
మట్టయ్య
(నా భార్య తిరుపతమ్మకు చదివి వినిపించి వేలిముద్ర వేయించడమైనది.)

తా.క.: సార్, ఈ కింది మాటలు దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్సు షాపు ముందర నిలబడి రాస్తున్నాను. నా భార్యకు తెలియదు. పైన ఆరవ అంశము అబద్ధం. వాచ్‌మన్ పాండురంగం నన్ను లోపలికి రానిచ్చినాడు, కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చినాడు. కొమ్మలు లేకున్నా మొదలు దగ్గరి వంపు చూసి చెట్టును గుర్తుపట్టినాను. ఎండిపోయింది సార్. గోటితో గీరి చూస్తే లోపల పచ్చ లేదు. ఎండాకాలం బోరు పోయిందట, నీళ్లు అందలేదట. నేను ట్యాంకరు డ్రైవర్ని, ఒక్క ఫోను చేస్తే వచ్చి పోసిపోదును. మొదలు చుట్టూ మట్టి తవ్వి చూద్దామనుకున్నా, చేతులు రాలేదు.

కాబట్టి పైన (ఇ) లో రాసింది కొట్టేయండి. అదే వరుసలో రెండు మూడు కానుగలు చిగురు వేసినవి. నా భార్య వచ్చిన రోజు వాటిలో ఏదో ఒకటి చూపెట్టి, ఇదేనమ్మా నీ చెట్టు అని చెప్పించండి. ఆమెను గేటు దాకా నేనే తోలుకొస్తా. లోపలికి మాత్రం రాను. ఆమె మొహం చూసి ఆ మాట చెప్పుడు నాతోని కాదు సార్, మీ మనిషే చెప్పాలె.